నాలిక మీద పెట్టని పాకం

మల్లవీ ఊరి బయట చెరకు గానుగలో పనిచేసేవాళ్ళకు క్రిస్మస్ నుంచి ఈస్టర్ దాకా దొడ్డికి నల్లగానే వస్తుంది. అక్కడ ఇది సిగ్గుపడే సంగతి కాదు. చెరకురసం కాచి కాచి తీసిన పాకాన్ని వాళ్ళు నల్లతేనె అంటారు. పొద్దున రొట్టెతో నల్లతేనె, మధ్యాహ్నం నువ్వుల ముద్దలో కలిపి నల్లతేనె, పని మధ్యలో వేలికి అంటినంత నల్లతేనె. లోపలికి పోయిన రంగే బయటికి వస్తుంది, ఇందులో వింతేముంది? కొత్తగా పనిలో చేరినవాడెవడైనా బెంబేలెత్తి వచ్చి చెవిలో చెప్పుకుంటే, "పాసయ్యావురా! ఇవాళ్టి నుంచి నువ్వు మావాడివి" అని వీపు మీద ఒక్కటి చరిచేవాడు బఖూం.

బఖూం ఆ గానుగలో పెనం మేస్త్రి. రసం ఎప్పుడు పాకమవుతుందో, ఎప్పుడు మంట లాగేయాలో చెప్పేది అతనే. చెప్పేది కన్నుతో కాదు, నాలికతో. పొడుగాటి కర్ర పెనంలో ముంచి, చివర్న వేలాడే చుక్కను ఊది నాలిక మీద వేసుకునేవాడు. తీపి వెనకాల చేదు తలుపు కొట్టే క్షణం ఒకటుంటుందట. అది తలుపు తీసుకుని లోపలికి రాకముందే "లాగండి!" అని అరిచేవాడు. గానుగ యజమాని హాజీ దర్వీష్ ఆ నాలికకు ఇచ్చిన మర్యాద తన బావమరుదులకు కూడా ఇవ్వలేదు.

ఆ నాలికకే ఇంకో పని కూడా ఉండేది. అబద్ధాలాడటం. ఒకసారి మంత్రిగారు నల్లతేనె రుచి చూడ్డానికి వస్తున్నారని హాజీతో చెప్పాడు. పాపం హాజీ గానుగ ముందు గోడకి సున్నం కొట్టించి, గొర్రెను కోయించి, సాయంత్రం దాకా కొత్త జుబ్బాలో చెమటోడుస్తూ నిలబడ్డాడు. ఇంకోసారి చెరకు బండి మీద చచ్చిపోయినట్టు పడుకుని, నలుగురి చేత ఇంటికి మోయించుకున్నాడు, పెళ్ళాం రిఫ్కా ఎలా ఏడుస్తుందో చూద్దామని. ఆమె ఏడవబోతుండగానే శవం పొట్ట ఎగిరెగిరి పడింది. అదీ అతని బలహీనత. అబద్ధమాడితే నవ్వు ఆపుకోలేడు. ఆ రోజు రిఫ్కా చెప్పుతో కొట్టిన దెబ్బలు మోసుకొచ్చిన నలుగురికీ కూడా తలా ఒకటి తగిలాయి.

అలాంటివాడు ఆ ఏడు ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసాలు మొదలైన కొద్ది రోజులకే సున్నం కొట్టిన గోడలా తయారయ్యాడు. పెదవులు పాలిపోయాయి. గోళ్ళు తెల్లబడ్డాయి. గానుగ నుంచి ఇంటికి వచ్చే దారిలో రెండు చోట్ల కూలబడేవాడు. రిఫ్కా ఎదురెళ్తే, "ఏం లేదే, ఈ అరుగు అలా ఒంటరిగా ఉంటే జాలేసి కూర్చున్నా" అనేవాడు.

"ఉపవాసం పడలేదు" అంది పక్కింటామె. "ఉపవాసమే" అన్నాడు చర్చి గురువు, అబూనా. మాంసం, గుడ్డు, పాలు ముట్టకుండా వారాల తరబడి ఉండే మనుషులు కాస్త పాలిపోతే ఎవరూ కంగారు పడరు. పడినా అందరూ చెప్పే మందు ఒక్కటే. "ఇంకాస్త నల్లతేనె తాగించు, రక్తం పడుతుంది." రిఫ్కా కూడా అలాగే గ్లాసులో పోసి, దగ్గర నిలబడి తాగించేది.

ఒక పొద్దున బఖూం మంచం మీంచి లేచి నిలబడినవాడు నిలబడినట్టే గోడ వెంట జారిపోయాడు. రిఫ్కా చెప్పు తీసుకుంది. పొట్ట వైపు చూసింది. అది ఎగరలేదు. చెప్పు జారిపోయింది.

మిన్యా ఆస్పత్రిలో రక్తం ఎక్కించారు. డాక్టరమ్మ పేరు నివీన్. నోట్లోంచి ఒక గొట్టం పంపి కడుపంతా చూసింది, కింద నుంచి ఇంకో గొట్టం పంపి పెద్దపేగంతా చూసింది. పుండు లేదు, గడ్డ లేదు. దొడ్డి పరీక్షకి పంపితే ఆ రోజు అందులో రక్తమూ లేదు.

"దొడ్డికి నల్లగా వస్తుందా?" అని అడిగింది.

"డాక్టరమ్మా, నేను మల్లవీ గానుగ మేస్త్రిని" అన్నాడు బఖూం ఛాతీ విరిచి. "తెల్లగా వస్తే అప్పుడు నన్ను పనిలోంచి తీసేస్తారు."

డాక్టరమ్మ కూడా నవ్వేసింది. ఆమెదీ మల్లవీ పక్క ఊరే. చిన్నప్పుడు తాతగారి గానుగలో పెనం గీకి తిన్న పిల్ల. నల్లతేనె అనగానే ఆమెకు గుర్తొచ్చింది తాత గానీ రోగం కాదు. ఉపవాసం ఆపమని, ఇనుము మాత్రలు వేసుకోమని చెప్పి పంపేసింది.

అబూనా సెలవిచ్చాడు. రిఫ్కా కాలేయం వేయించి పెట్టింది. వీధి వీధంతా నూనె చుక్క వేసిన ఉడికిన చిక్కుడుగింజలు తింటుంటే, ఆ కాలేయం వాసనకి సిగ్గేసి కిటికీలు మూసుకునేది. బఖూం మాత్రం కిటికీ తెరిచి, "ఉపవాసమున్న భక్తులారా, వాసన చూడ్డానికి సెలవు అక్కర్లేదట!" అని అరిచేవాడు. ఎక్కించిన రక్తానికి వచ్చిన రంగు నాలుగు ఆదివారాలు తిరక్కుండానే దిగిపోయింది.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నవ్వలేదు. ఎక్కించిన రక్తమంతా ఎటు పోతున్నట్టు? కాగితం మీద ఒక పొడుగు పాము బొమ్మ గీసింది.

"చూడమ్మా రిఫ్కా. తల వైపు నుంచి మా గొట్టం ఇంతవరకే పోతుంది. తోక వైపు నుంచి ఇంతవరకే. మధ్యలో ఈ చిన్నపేగుంది చూశావూ, చుట్టలు చుట్టలుగా, మనిషి పొడుగుకి మూడు నాలుగింతలు. ఇక్కడికి ఆ గొట్టాలు అందవు. ఇక్కడ గడ్డేదైనా ఉండి రక్తం కారుతుంటే అది కిందికి వచ్చేసరికి నల్లబడిపోతుంది. కారీ కారనట్టు, ఆగి ఆగి కారుతుంది. పరీక్ష చేసిన రోజు ఆగితే మనకి దొరకదు."

"అంటే ఆ నలుపు తేనెది కాదా?"

"అదే కదా తెలియాలి. ఇనుము మాత్రలకీ నల్లబడుతుంది, తేనెకీ నల్లబడుతుందంటారు మీరు. రెండూ ఆపేద్దాం. ఒక్క వారం. నాలిక మీద చుక్క కూడా పడకూడదు. అప్పటికీ నల్లగానే వస్తే అది రక్తమే. ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి. అసియూత్‌లో మింగే కెమెరా ఉంది, పంపిస్తాను. మామూలు రంగుకి తిరిగితే హాయిగా ఉపవాసాల మీదికి తోసేద్దాం." డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బఖూం వైపు కాదు, రిఫ్కా వైపు చూసింది. "ఈయన మాట నాకొద్దు. నువ్వు చెప్పు నాకు."

"చుక్క కూడా ముట్టను" అన్నాడు బఖూం.

"నువ్వా!" అంది రిఫ్కా.

పని మానమంటే మానలేదు. చెరకు కోతలు జోరుగా ఉన్నాయి, కోసిన చెరకు ఆగదు, హాజీ ఆగడు. "రుచి చూడను, నిలబడి కళ్ళతో చూస్తా, అంతే" అని వెళ్ళాడు. సాయంత్రం ఇంటికొస్తే మీసాల నిండా తీపి వాసన. జుబ్బా చేతులు జిగట. రిఫ్కా దగ్గరికి లాక్కుని ముక్కు పెట్టి వాసన చూసింది.

"ఏంటే, ఇన్నేళ్ళకి ముద్దొచ్చానా?"

"నోరు తెరువు."

తెరిచాడు. నోరు నోరులాగే ఉంది. దాన్ని చూసి ఏం తెలుస్తుంది? ఆవిరి ఎవరి మీసాలకైనా అంటుతుంది. కానీ ముప్పై ఏళ్ళుగా కర్ర ముంచి నాకినవాడు కర్ర చేతిలో ఉండగా నాకకుండా ఉంటాడా?

వారం సగం దాటింది. దొడ్డి నల్లగానే ఉంది. తారులా, జిడ్డుగా, ముందెన్నడూ లేని ఒక పాడు వాసనతో. రిఫ్కా బకెట్టు నీళ్ళు కుమ్మరించి అక్కడే నిలబడిపోయింది. అది రక్తమైతే మనిషి తన కళ్ళ ముందే కారిపోతున్నాడు. తేనె అయితే మనిషి తన కళ్ళ ముందే మోసం చేస్తున్నాడు. ఆ రెంటిలో ఏది కావాలో దేవుణ్ణి అడగాల్సి వస్తే ఆమె క్షణం ఆలోచించకుండా మోసమే అడిగేది. అడిగింది కూడా. అలా అడిగీ అడిగీ దాన్నే నమ్మడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఉతకడానికి జుబ్బా తీస్తే జేబులో బరువుగా తగిలింది. మందు సీసా. లోపల నల్లతేనె.

"దొరికావు!" ఆమె గొంతులో కోపమెంత ఉందో తేలిక పడటం కూడా అంతే ఉంది. "దొంగ సచ్చినోడా! జేబులో పెట్టుకుని మరీ తాగుతున్నావా?"

బఖూం మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. "తాగడానికి కాదే. నీకోసమే తెచ్చా. ఒక్క చుక్క నాకి చూడు."

"నేనా? నీ చేత్తో ఇచ్చిన సీసాలోదా?" పోయిన ఏడాది మేరీమాత పండక్కి ఇలాగే ఒక సీసా ఇచ్చాడు. అందులో సగం తేనె, సగం అడవి పుచ్చకాయ గుజ్జు. ఆ చేదుకి రెండు రోజులు నీళ్ళు కూడా చేదుగానే ఉన్నాయి రిఫ్కాకి.

"అది వేరే. ఇది వేరే. నాకి చూడవే, నీకే తెలుస్తుంది. నేను ముట్టలేదే. ఒట్టు."

"నీ ఒట్లు తూకం వేస్తే గానుగ ఎద్దు కూడా మొయ్యలేదు. పోయి పడుకో."

ఆమె సీసాను అటక మీద వెనక్కి నెట్టేసింది. ఇంకోసారి అడుగుతాడనుకుంది. అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏదో తేడాగా అనిపించింది ఆమెకి. ఏమిటో అందలేదు.

మర్నాడు డాక్టరమ్మే ఫోన్ చేసింది.

"ఎలా ఉందమ్మా?"

"నల్లగానే ఉందమ్మా. కానీ ఈయన తింటున్నాడు. జేబులో సీసా దొరికింది."

అవతల డాక్టరమ్మ పళ్ళు కొరికిన చప్పుడు వినబడినట్టే అయింది. "తింటే ఇంక ఎలా తెలుస్తుంది? మళ్ళీ మొదట్నుంచి వారం పట్టాలి. పని మాన్పించు. లేదంటే కాళ్ళు కట్టెయ్."

రిఫ్కా కాళ్ళు కట్టలేదు గానీ తిట్లతో కట్టేసింది. ఆ రెండు రోజులూ బఖూం పక్కింటి కోడిని దాచలేదు. వీధిలో పోయేవాళ్ళని పిలిచి నీ గాడిద పారిపోయిందనలేదు. టీ గ్లాసు చేతిలో పెడితే దాన్నే చూస్తూ కూర్చునేవాడు. చల్లారాక కింద పెట్టేవాడు. పనికి మాత్రం వెళ్ళాడు. "హాజీకి మాటిచ్చా" అన్నాడు. ఇంట్లో అల్లరి ఆగితే ఎంత బాగుండునని ముప్పై ఏళ్ళు కోరుకున్న రిఫ్కాకి ఆ నిశ్శబ్దం చెవుల్లో గింగురుమంది.

వారం ముగిసే రోజు మధ్యాహ్నం హాజీ దర్వీష్ గుమ్మంలోకి వచ్చాడు. తలపాగా ఊడిపోయి మెడ మీద వేలాడుతోంది.

"చెల్లెమ్మా, నీ మొగుడు నన్ను నాశనం చేశాడు!"

"ఏం చేశాడు అన్నా?"

"ఏం చెయ్యలేదో అడుగు! ఈ వారంలో పెట్టిన పెనం పెట్టినట్టే మాడ్చాడు. ఒకటి చేదు, ఒకటి బొగ్గు, ఒకటేమో పచ్చిరసం, పొంగి పులిసిపోయింది. కొనేవాళ్ళు వేలు పెట్టి, నా మొహం మీద ఉమ్మి పోతున్నారు. ఏం రా బఖూం, నీ నాలికేమైందిరా అంటే, నేను రుచి చూడ్డం లేదు హాజీ, కళ్ళతో చూస్తున్నా అంటాడు! నాతోటా వేళాకోళం? మంత్రిగారి గొర్రె చాలలేదా వాడికి? మా నాన్న కాలం నించి ఈ గానుగలో పెనం మాడిందన్న మాట లేదు!"

రిఫ్కా వింటున్నదల్లా మధ్యలోనే లేచింది. పీట వేసుకుని అటక మీద చెయ్యి పెట్టింది. సీసా వెనక్కి దొర్లిపోయి ఉంది, అందడానికి ముని వేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. మూత తీసి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

చేదు. అడవి పుచ్చకాయ చేదు కాదు. మాడిన చేదు. అడుగంటిన గిన్నె గీకితే వచ్చే చేదు. ఆ చేదు తలుపు కొట్టకుండా, అడక్కుండా, ఇల్లంతా ఆక్రమించి కూర్చుంది. బఖూం నాలిక ఒక్కసారి తగిలి ఉంటే ఈ పాకం ఇలా అయ్యేది కాదు. ఒక్కసారి తగిలి ఉంటే.

ముట్టలేదు. ఒట్టు వేశాడు. అప్పుడు నవ్వలేదు. ఏదో తేడాగా ఉందనుకుంది చూడండి, అదే తేడా. పొట్ట ఎగరలేదు, పెదవి వణకలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఏమైంది చెల్లెమ్మా? అంత చేదుగా ఉందా?"

రిఫ్కా సీసా వదిలేసి పీట దిగింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. వెనకాల హాజీ.

గానుగలో చెరకు పిప్పి కుప్ప పక్కన బఖూం కూర్చుని ఉన్నాడు. పెళ్ళాన్ని చూసి లేవబోయాడు. కుప్పను పట్టుకోబోయి, అది చేతికి పిడికెడు పిప్పిగా ఊడిరాగా, దానితో సహా వెల్లకిలా పడ్డాడు. చుట్టూ ఉన్న పనివాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఆహా, మళ్ళీ చచ్చిపోయాడ్రోయ్! నలుగురు రండి మొయ్యడానికి!"

"ఈసారి పొట్ట ఎగరకుండా చచ్చాడు, పనితనం పెరిగింది!"

"నోళ్ళు మూసుకోండి!" అని అరిచింది రిఫ్కా. ఆ గానుగలో ఆడగొంతు అంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు. చప్పట్లు కొట్టే చేతులు అలాగే ఆగిపోయాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అతని తల ఒళ్ళో పెట్టుకుంది. చెమటతో చల్లగా, తడిసిన పిండిలా ఉంది నుదురు.

"నాకి చూశా" అంది చెవిలో.

బఖూం కళ్ళు కొంచెం తెరిచాడు. "ఎలా ఉంది?"

"మాడిపోయింది."

"నా జన్మలో... ఇంత దరిద్రంగా వండలేదే" అన్నాడు. అన్నాక కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి తేనె కోసమో తన కోసమో అడగలేదు ఆమె.

హాజీ తన బండిలోనే మిన్యాకి తోలాడు. దారి పొడుగునా "నేను తిట్టాను చెల్లెమ్మా, నా నోరు పడిపోను" అంటూనే ఉన్నాడు. రక్తం ఎక్కించి, ఆ పూటే అసియూత్ పంపారు. అక్కడ మర్నాడు పొద్దున చిక్కుడుగింజ కన్నా కాస్త పెద్దగా ఉన్న కెమెరాను బఖూం చేతిలో పెట్టారు. నడుముకి బెల్టు, బెల్టుకి డబ్బా.

"ఇది మింగాలా? కన్ను కొడుతోందే!" నిజంగానే దాంట్లో చిన్న దీపం మిణుకుమిణుకుమంటోంది. మింగేసి పొట్ట మీద తట్టాడు. "లోపలున్నవాళ్ళందరూ కాస్త నవ్వండి, ఫొటో తీస్తున్నారు." నర్సు నవ్వింది. రిఫ్కా నవ్వలేకపోయింది.

ఆ ఫొటోలు డాక్టర్లు తెర మీద చూపించారు. గులాబీ రంగు సొరంగం. పోగా పోగా ఒక మలుపు దగ్గర గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన బొడిపె. దాని నెత్తిన గుంట. గుంటలోంచి సన్నగా, తీగ పాకంలా, ఎర్రగా కారుతోంది. పై గొట్టమూ కింది గొట్టమూ అందని చోట కూర్చుని ఎన్నాళ్ళ నుంచి కారుస్తోందో. బయటికి వచ్చేసరికి నల్లబడి, తేనె వేషం కట్టి, ఊరందరితో పాటు డాక్టరమ్మని కూడా మోసం చేసి వెళ్ళిపోయేది.

రిఫ్కా నివీన్ డాక్టరమ్మకి ఫోన్లో ఆ సంగతి చెప్పింది. "నేను కూడా మల్లవీ వైపు దాన్నే కదమ్మా, నల్లతేనె అనగానే నవ్వేశాను" అంది ఆమె.

ఆపరేషన్ చేశారు. గడ్డ ఉన్న ముక్క కోసి, పేగు రెండు కొసలూ కలిపి కుట్టారు. గడ్డ నిమ్మకాయంత ఉందట. పరీక్షకి పంపారు. మంచిదా చెడ్డదా, ఇంతటితో పోతుందా మళ్ళీ ఎక్కడైనా తలెత్తుతుందా, ఆ కాగితం వస్తే గానీ చెప్పలేమన్నారు.

ఆ కాగితం కోసం కూర్చున్న రోజుల్లో బఖూం మొహంలోకి రంగు మెల్లగా వచ్చింది. గోళ్ళు ఎర్రబడ్డాయి. పక్క మంచం ఆయన చెప్పులు మార్చి పెట్టాడు. రిఫ్కా మొహం మాత్రం తేరుకోలేదు. అతనేదైనా అడగడమే ఆలస్యం, ఇచ్చేస్తోంది. దాహమంటే నీళ్ళు, నొప్పంటే నర్సు. "నిజంగానా?" అన్న మాట ఆమె నోట్లోంచి పూర్తిగా పోయింది. బఖూంకి అదే ఇబ్బందిగా ఉంది.

"ఒక్కసారి తిట్టవే" అన్నాడు. "దుప్పటి కింద కోడి ఉందంటే కూడా నమ్మేట్టున్నావు."

"ఇంక నీ మాట కాదనను" అంది.

ఈస్టర్ ముందు శుక్రవారం. రిఫ్కా టీ తేవడానికి కిందికి వెళ్ళింది. లైను పొడుగ్గా ఉంది. గ్లాసులు పట్టుకుని తిరిగొస్తుంటే పెద్ద డాక్టరు గదిలోంచి వెళ్ళిపోతూ కనిపించాడు. ఆమెను చూసి తల కొంచెం వంచి, చేతిలోని ఫైలు రెండో చంక కిందికి మార్చుకుని వెళ్ళిపోయాడు.

బఖూం దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"వచ్చిందా కాగితం?"

"వచ్చింది."

"ఏమన్నాడు?"

"మంచి గడ్డేనట. మేకపిల్లంత మంచిదట. పండక్కి ఇంటికి పొమ్మన్నాడు. హాజీకి చెప్పు, పెనం కడిగి పెట్టమని."

రిఫ్కా చేతుల్లో గ్లాసులు వేడిగా కాలుతున్నాయి. కింద పెట్టలేదు. అతని మొహం చూసింది. పెదవి వణుకుతోంది. బిగబట్టుకున్నాడు. ఆగలేదు. దుప్పటి కింద పొట్ట, కుట్లు నొప్పెడుతున్నా సరే, సన్నగా ఎగిరెగిరి పడుతోంది. నవ్వుతున్నాడు బఖూం. కళ్ళు మాత్రం ఆమెనే చూస్తున్నాయి, ఈ ఒక్కసారి నమ్మవే అన్నట్టు.

ఆమె గ్లాసులు కింద పెట్టింది. మంచం అంచున కూర్చుని, అతని పొట్ట మీద, కుట్లకి తగలకుండా, చెయ్యి వేసింది.

"నాకు తెలుసు మంచిదేనని" అంది. నవ్వింది కూడా.

టీలో చక్కెర వేసి కలిపి ఇచ్చింది. బఖూం అలవాటుగా ముందు ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూశాడు.

"ఎలా ఉంది?"

"సరిగ్గా కుదిరింది" అన్నాడు. ఈసారి నవ్వలేదు.